నాలుగేళ్ల లెగ్గింగ్స్, రెండేళ్ల ఖద్దరు: నా ఒంటికి ఏది పడిందంటే

మాది ఒడిశాలో, ఆంధ్రా సరిహద్దు పక్కనే ఉన్న పర్లాకిమిడి. ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా, పొద్దున్నే కాలేజీ మైదానంలో రెండూ కలిపి. 2019లో అక్కడే నడక మొదలుపెట్టాను, ఆర్నెల్లకి పరుగులోకి దిగాను. మొదట్లో పంజాబీ డ్రెస్సులోనే పరుగెత్తేదాన్ని. చున్నీ సర్దుకోవడంతోనే సరిపోయేది. అందుకే ఆన్‌లైన్‌లో సాగే లెగ్గింగ్స్ మూడు, చెమట త్వరగా ఆరే డ్రైఫిట్ టీషర్టులు రెండు తెప్పించుకున్నాను. లేబుల్ మీద పాలిస్టర్ 80 శాతం, స్పాండెక్స్ (రబ్బరులా సాగే పోగు) 20 శాతం అని ఉంది. అప్పట్లో ఆ అంకెలు చూడాలన్న ధ్యాసే లేదు.

వాటి మంచి ముందు చెబుతాను. ఎంత వంగినా, గెంతినా జారవు. వానాకాలంలో రాత్రి ఉతికి ఆరేస్తే తెల్లారేసరికి పొడిగా ఉంటాయి. మహేంద్రతనయ నది పక్కన ఉండే ఊళ్లో శ్రావణమాసం తేమ ఎలా ఉంటుందో తెలిసినవాళ్లకి ఇది చిన్న విషయం కాదు. నాలుగేళ్లు తొడిగినా కుట్టు ఊడలేదు.

మూడో వేసవిలో నడుము చుట్టూ రెండు వేళ్ల వెడల్పున ఎర్రటి పట్టీలా దద్దుర్లు లేచాయి. తర్వాత మోకాళ్ల వెనక, తొడల లోపలి వైపు. మెడికల్ షాపులో అడిగితే తామర అని ట్యూబు ఇచ్చారు. రాసినన్నాళ్లు తగ్గింది, మానగానే రెట్టింపైంది. అలా ఏడాది గడిచింది. రాత్రుళ్లు గోక్కుని గోక్కుని నిద్ర ఉండేది కాదు. ఎవరికైనా అంటుకుంటుందేమోనని టెన్షన్ వేరే.

చివరికి శ్రీకాకుళంలో చర్మం డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. ఆవిడ మందు రాయకముందే ఒక మాట అడిగారు: "లోపల వేసుకునేవి కాటన్‌వేనా?" అవునన్నాను. ఆవిడ చూపించాకే నేనూ గమనించాను. కాటన్ లోదుస్తులు అడ్డున్నంత మేర చర్మం శుభ్రంగా ఉంది, దాని అంచు దాటగానే గీత గీసినట్టు ఎరుపు మొదలైంది. తామరైతే ఇలా గుడ్డ అంచు చూసుకుని ఆగదన్నారు. చర్మానికి ఏది పడదో తేల్చే ప్యాచ్ టెస్ట్ స్టిక్కర్లు వీపు మీద అంటించి, రెండు రోజులు తడవకుండా ఉండమన్నారు. విప్పి చూస్తే డిస్పర్స్ బ్లూ 106, 124 అనే రంగుల దగ్గర చర్మం పొక్కింది.

ఆ రంగుల సంగతి వివరంగా చెప్పాలి. పాలిస్టర్ నీళ్లు పీల్చదు కాబట్టి నూలుకు వేసే రంగులు దానికి పట్టవు. వేడి మీద పోగులోకి ఇంకే డిస్పర్స్ రంగులే వాడతారు. అవి పోగుతో రసాయనికంగా ముడిపడవు, అందులో కూర్చుని ఉంటాయంతే. అద్దకం తర్వాత సరిగా కడగకపోతే పైన మిగిలిన రంగు చెమటకి, ఒరిపిడికి చర్మం మీదికి దిగుతుంది. నేవీ బ్లూ, నలుపు లాంటి ముదురు రంగుల్లో ఈ బెడద ఎక్కువ. ఇంటికొచ్చి తెల్ల చేతిరుమాలుని ఉప్పునీళ్లలో తడిపి, నా నల్ల లెగ్గింగ్ నడుము పట్టీ మీద గట్టిగా రుద్దాను. మూడేళ్లుగా ఉతుకుతున్న బట్ట. అయినా రుమాలు మీద బూడిదరంగు కలిసిన నీలి మరక దిగింది. గంటసేపు పరుగులో అది నా నడుముని ఎన్నిసార్లు రుద్ది ఉంటుంది!

నాది రంగు గొడవ. రంగు వదలకపోతే చాలు, అంతా క్షేమమే అనుకోవడానికీ లేదు. అమెరికాలో సెంటర్ ఫర్ ఎన్విరాన్‌మెంటల్ హెల్త్ అనే సంస్థ 2022లో స్పోర్ట్స్ బ్రాలు, వ్యాయామం టీషర్టులు పరీక్షించింది. కొన్నింట్లో హార్మోన్ల పనిని చెడగొట్టే బీపీఏ అనే రసాయనం బయటపడింది, అదీ కాలిఫోర్నియా చట్టం పెట్టిన హద్దుకి 22 రెట్ల వరకు. అంతకుముందు సాక్సుల్లోనూ దొరికింది. ముఖ్యంగా పాలిస్టర్‌లో స్పాండెక్స్ కలిసిన బట్టల్లోనే దొరికింది. నీళ్లు, మరకలు అంటకుండా పూసే పీఫాస్ రసాయనాలు మరో రకం, అవి ప్రకృతిలో అంత సులువుగా విరిగిపోవు. 2025 జనవరి నుంచి కాలిఫోర్నియా మామూలు బట్టల్లో వాటిని కావాలని కలపడాన్ని నిషేధించింది. లెగ్గింగ్ తొడిగిన ప్రతివాళ్లకీ జబ్బు వస్తుందని నేననను. కానీ చెమటతో తడిసి, బిగుతుగా, రోజూ గంటలకొద్దీ ఒంటికి అతుక్కునే గుడ్డ విషయంలో మామూలు చొక్కాకి చూపే ఉపేక్ష పనికిరాదు.

ఇక రెండేళ్లుగా వాడుతున్నవి. పైన పొందూరు ఖద్దరు పొట్టి కుర్తా, రంగు వేయనిది. సరిహద్దు దాటి పాతపట్నం మీదుగా వెళ్తే పొందూరు మాకు దగ్గరే. అక్కడ ఇప్పటికీ వాలుగ చేప దవడతో పత్తి ఏకుతారు. ఆ సన్న నూలు ఖరీదు ఎక్కువ కాబట్టి చీర జోలికి పోలేదు, కుర్తాకి గుడ్డ మాత్రం తీసుకున్నాను. కింద మందపాటి ఖద్దరుతో బొందు ప్యాంటు. కొంచెం బిగువు తప్పనిసరైన రోజుకి 95 శాతం కాటన్, 5 శాతం స్పాండెక్స్ ఉన్న హోజరీ ప్యాంటు, లేత రంగుది. చెమట తుడవడానికి మా బజారు గాముచా, అంటే పల్చటి నూలు తువ్వాలు.

మూడు వారాల్లో దద్దుర్లు మాడిపోయాయి. మచ్చలు పోవడానికి ఆరు నెలలు పట్టింది. నేను ఊహించని లాభం వాసన పోవడం. డ్రైఫిట్ టీషర్టు ఉతికాక కూడా చంకల దగ్గర పుల్లటి వాసన వచ్చేది. బెల్జియంలోని ఘెంట్ విశ్వవిద్యాలయం వాళ్లు 2014లో 26 మంది చొక్కాలతో చేసిన అధ్యయనంలో, వ్యాయామం తర్వాత కాటన్ కంటే పాలిస్టరే ఎక్కువ కంపు కొట్టిందని తేలింది. వాసన పుట్టించే ఒక రకం బ్యాక్టీరియా దాని మీద బాగా పెరుగుతుందట.

ఖద్దరుతో బాధలూ ఉన్నాయి. చెమటకి తడిసి బరువెక్కుతుంది. ఐదు కిలోమీటర్లు దాటితే తొడలు ఒరుసుకుపోతాయి, ముందే కొబ్బరినూనె రాసుకోవాలి. వానాకాలంలో ఆరడానికి రెండు రోజులు, అందుకని కనీసం మూడు జతలుండాలి. మొదటి ప్యాంటు ఎనిమిది నెలలకే తొడల మధ్య కుట్టు దగ్గర చిరిగింది. మా టైలరు అక్కడ నలుచదరపు ముక్క అతికాక మళ్లీ చిరగలేదు. స్పోర్ట్స్ బ్రాకి పూర్తి కాటన్‌తో దారి దొరకలేదు. లోపల కాటన్ లైనింగ్ ఉన్నది వాడి, ఇంటికి రాగానే విప్పేస్తున్నాను.

కాటన్ అని రాసి ఉన్నంత మాత్రాన నమ్మేయకండి. ముడతలు పడవని అమ్మే కాటన్‌కి చాలావరకు ఫార్మాల్డిహైడ్ అనే రసాయనంతో చేసిన రెజిన్ పూత ఉంటుంది, అదీ కొందరి చర్మానికి పడదు. ఓకో-టెక్స్ స్టాండర్డ్ 100 గుర్తు ఉంటే హానికర రసాయనాలకి పరీక్ష జరిగిందని అర్థం. చీటీ ఏదైనా, కొత్త బట్టని రెండుసార్లు ఉతకనిదే నేను తొడగను.

మా మేనకోడలు గుణుపురంలో కబడ్డీ ఆడుతుంది. "అత్తా, టీం జెర్సీ పాలిస్టరే, మార్చమంటే మారుస్తారా?" అంది. మార్చరు. లోపల కాటన్ బనియన్ వేసుకోమన్నాను, ఆట అవగానే జెర్సీ తీసేయమన్నాను. మెడ చుట్టూ దానికి వచ్చే ఎర్ర పొక్కులు ఈ వేసవిలో రాలేదు.

నిన్న టైలరుకి మరో రెండు ప్యాంట్ల గుడ్డ ఇచ్చాను. ఈసారి మోకాలి దగ్గర అంగుళం వదులు పెట్టమని, నలుచదరపు ముక్క మొదటే వేసేయమని చెప్పి వచ్చాను.