షార్ట్ ఫిల్మ్ లైన్: నోటితో చెప్పాలా, రాసి పంపాలా? ఏది మేలు?

సినిమా కథ మొత్తాన్ని రెండు మూడు వాక్యాల్లో చెప్పేదే లైన్. చెన్నైలో సినిమావాళ్లు తిరిగే వడపళని, సాలిగ్రామం టీ కొట్ల దగ్గర దాన్ని నోటితో చెప్పడమే ఆనవాయితీ. పెద్ద సినిమాకి అది సరే, హీరోకైనా నిర్మాతకైనా ఎలాగూ కూర్చుని చెప్పాల్సిందే. పది నిమిషాల షార్ట్ ఫిల్మ్ లైన్ నిలబడుతుందో లేదో తేలాలంటే మాత్రం ముందు రాసి పంపడమే మేలు.

ఎందుకో ఈ లైన్ చూడండి: "వైద్యానికి నెల్లూరు నుంచి చెన్నై వచ్చిన తండ్రికి, డాక్టరు తమిళంలో చెప్పేది కొడుకు తెలుగులో చెప్పాలి. జబ్బు ముదిరిందని విని కొడుకు అబద్ధం చెబుతాడు. తండ్రి వయసులో ఉండగా మద్రాసులోనే పనిచేశాడని, తమిళం బాగా వచ్చని చివర్లో తెలుస్తుంది."

నోటితో చెప్పేవాడు మూడో వాక్యం ముందు కాస్త ఆగుతాడు, గొంతు తగ్గిస్తాడు. "ఇక్కడ ఆర్ఆర్ (నేపథ్య సంగీతం) పడుతుందన్నా" అని కూడా కలుపుతాడు. విన్నవాళ్లు "అబ్బ!" అంటారు. ఆ మెప్పు కథకా, గొంతుకా అన్నది తేలదు. అదే లైన్ చదివితే, మూడో వాక్యం దగ్గర కన్ను మళ్లీ వెనక్కి పోతుంది. తమిళం వచ్చినవాడు డాక్టరుతో నేరుగా ఎందుకు మాట్లాడలేదు? నాన్నకు తమిళం వచ్చన్న సంగతి కన్నకొడుక్కే తెలియదా? మొదటిదానికి "కొడుకు ఏం చెబుతాడో చూద్దామని ఊరుకున్నాడు" అన్నది జవాబైతే, కథ కొడుకు చేతిలోంచి తండ్రి చేతిలోకి వెళ్తుంది. అబద్ధం చెబుతున్నప్పుడు కెమెరా ఎవరి మొహం మీద ఉండాలన్నదీ మారిపోతుంది. రెండోదానికి జవాబు లేకపోతే ఆ ట్విస్టు ప్రేక్షకుణ్ని మోసం చేసినట్టే.

రాసి పంపడానికీ ఒక పద్ధతి ఉంది. యాభై మాటలు దాటకూడదు. సంగీతం, షాట్లు, "హృదయాన్ని కదిలించే" లాంటి విశేషణాలు తీసేయాలి. ముగింపు దాచకూడదు, "మిగతాది తెరమీద" అని ఆపిన లైన్ మీద ఎవరూ ఏమీ చెప్పలేరు. ముగ్గురు చదివితే చాలు: సినిమా పని తెలిసినవాళ్లు ఒకరు, మామూలు ప్రేక్షకుడొకరు, షూటింగ్ ఖర్చు లెక్క తెలిసినవాళ్లు ఒకరు. ఆసుపత్రి గదికి పర్మిషన్ దొరుకుతుందా, క్లినిక్‌తో సరిపెట్టొచ్చా అన్నది మూడో మనిషే అడుగుతాడు. జవాబులు గ్రూపులో వద్దు, విడివిడిగా తెప్పించుకోవాలి. గ్రూపులో సీనియర్ "బాగుంది తమ్ముడూ" అన్నాక ఇంకెవరూ నోరు తెరవరు.

చదివినవాళ్లను "ఎలా ఉంది?" అని అడగొద్దు. "లైన్ పక్కనపెట్టి, మీకు గుర్తున్న కథ ఒక్క వాక్యంలో చెప్పండి" అనండి. తర్వాత "ఏ వాక్యం దగ్గర అనుమానం వచ్చింది?" అనండి. "ఎమోషన్ చాల్లేదు" అన్న మాటతో రాసేవాడు చేయగలిగింది ఏమీ లేదు. "అబద్ధం చెప్పినందుకు కొడుకు పోగొట్టుకున్నది ఏమీ లేదు" అంటే పని మొదలుపెట్టొచ్చు. "నేనైతే తండ్రి బదులు తల్లిని పెడతా" లాంటి సలహాలు పనికిరావు గానీ, ఒకే చోట ఇద్దరు చెరో మరమ్మతు చెప్పారంటే రిపేరు అక్కడే ఉంది. వాళ్ల మందు వదిలేసి జబ్బు మాత్రం రాసుకోవాలి. ఎదురు వివరణ ఇవ్వొద్దు. నోటితో వివరించాల్సి వచ్చిన ముక్క లైన్లో లేదన్నమాట.

వాయిస్ నోట్ ఈ రెండింటికీ చెడిన దారి. ఏ వాక్యం గురించి మాట్లాడుతున్నారో తేలదు, మళ్లీ వెతుక్కోవడమూ కష్టం.

చెన్నైలో ఇంకో చిక్కుంది. తెలుగు చక్కగా మాట్లాడే కెమెరామన్‌కు తెలుగు లిపి రాకపోవచ్చు. అప్పుడు ఆ యాభై మాటల్నే ఉన్నవి ఉన్నట్టు, రెండుసార్లు చదివి వినిపించాలి. మధ్యలో ఒక్క ముక్క కలిపినా మళ్లీ నేరేషనే, అంటే నోటితో కథ చెప్పడమే అవుతుంది.

రాసి పంపితే ఎవరైనా కొట్టేస్తారన్న భయం చాలామందిది. ఉత్త ఐడియాకి కాపీరైట్ ఉండదని 1978లోనే నాటక రచయిత ఆర్.జి. ఆనంద్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. టీ కొట్టు దగ్గర చెప్పినా అదే చట్టం. మెయిల్లో పంపితే తేదీ అయినా మిగులుతుంది.

నోటితో చెప్పే రోజు తర్వాత వస్తుంది. లైన్ నిలబడి, సీన్ల వారీగా వన్‌లైన్ ఆర్డర్ (ఒక్కో సీనుకు ఒక్కో వాక్యం చొప్పున వరుస) అయ్యాక ఒకరికి ఎదురుగా కూర్చుని చెప్పండి. పేజీ స్క్రిప్టుకి నిమిషం అన్న లెక్కన పది నిమిషాల సినిమాకి పది పేజీలు. దాన్ని చెప్పడానికి ఇరవై నిమిషాలు పడుతోందంటే కథ ఆ నిడివికి పెద్దది. వినేవాళ్ల చెయ్యి ఫోన్ మీదికి పోయిన సీన్ నంబరు పక్కన చుక్క పెట్టుకోండి. వాళ్లు నోటితో చెప్పే అభిప్రాయం కంటే అది నమ్మదగింది.