ఆ స్టిక్కీ మెనూ థీమ్ కొనేవాళ్ళు ఒక్క నిమిషం ఆగండి

వెబ్‌సైట్లు నడిపే వర్డ్‌ప్రెస్‌లో సైట్ రూపం మార్చే థీమ్ ఒకటుంది, స్క్రోల్ చేసినా పైనే అతుక్కునుండే స్టిక్కీ మెనూ దాని గొప్ప. ఏ థీమో పేరు చెప్పక్కర్లేదు, ఈ మధ్య ఎక్కడ చూసినా దాని యాడే. కొనకండి.

వర్డ్‌ప్రెస్‌లో లాగిన్ అవగానే పైన నల్ల టూల్‌బార్ వస్తుంది కదా, దీని మెనూ సరిగ్గా దాని మీదే ఎక్కి కూర్చుంటుంది. ఎడిట్ పేజ్ నొక్కబోతే 'మా గురించి' తెరుచుకుంటుంది. డెమోలో ఇదేమీ కనబడదు. ఎలా కనబడుతుంది? డెమో చూసేటప్పుడు మనం లాగిన్ అయి ఉండం, టూల్‌బారే రాదు. డెమో మాత్రం అద్దంలా ఉంది లెండి, మురిసిపోయి డబ్బు కట్టేశాను.

స్క్రీన్‌షాట్ పెట్టి సపోర్ట్‌ని అడిగాను. జవాబు చూడండి: "విజిటర్లకు ఈ సమస్య లేదు సార్. మీ ప్రొఫైల్‌లో టూల్‌బార్ టిక్ తీసేయండి. టికెట్ క్లోజ్ చేస్తున్నాం." చివర్లో ఒక నవ్వు బొమ్మ! తలుపుకు గడియ పడట్లేదంటే ఇల్లు ఖాళీ చేయమన్నట్టుంది. సైట్‌లో రాసే మిగతావాళ్ళంతా కూడా తలా ఒక టిక్ తీసేయాలా? అదే అడిగితే, అది కస్టమ్ వర్క్ అట, వేరే చార్జ్ అట. ఆ నవ్వు బొమ్మ గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్ళు మండుతోంది.

గొడవ చేస్తే ఒక అప్‌డేట్ వదిలారు. మెనూని అందరికీ టూల్‌బార్ ఎత్తు మేర, 32 పిక్సెల్స్ కిందికి దించేశారు. ఇప్పుడు టూల్‌బార్ లేని విజిటర్లకు మెనూ పైన సందు, స్క్రోల్ చేస్తే అందులోంచి అక్షరాలు తొంగిచూస్తున్నాయి. ఈలోగా రిఫండ్ గడువు దాటిపోయింది. మహా తెలివి.

చేయాల్సిన పని ఎంతని? టూల్‌బార్ కోసం వర్డ్‌ప్రెస్ పేజీకి పైన మార్జిన్, అంటే ఖాళీ, ఇస్తుంది, కానీ ఇలా అతుక్కునుండే (ఫిక్స్‌డ్) మెనూ స్క్రీన్ అంచు నుంచే కొలుచుకుంటుంది కాబట్టి దానికి ఆ మార్జిన్ పట్టదు. టూల్‌బార్ ఉన్నప్పుడు పేజీ కోడ్‌లో బాడీ అనే భాగానికి అడ్మిన్-బార్ అనే క్లాస్, అంటే ఒక గుర్తు, చేరుతుంది. ఆ క్లాస్ ఉంటేనే మెనూ టాప్ (పై అంచు నుంచి దూరం) 32 పెట్టాలి, స్క్రీన్ వెడల్పు 782 పిక్సెల్స్, అంతకన్నా తక్కువైతే టూల్‌బార్ ఎత్తు పెరుగుతుంది కాబట్టి 46. వెడల్పు 600, అంతకు లోపు ఉన్న ఫోన్లలో టూల్‌బార్ స్క్రోల్‌తో పైకి పోతుంది, అక్కడ 46 అలాగే వదిలేస్తే మళ్ళీ సందే. ఇక టూల్‌బార్ జెడ్-ఇండెక్స్ (ఏది దేని మీద కనబడాలో చెప్పే అంకె, పెద్దదే పైన) 99999. వీళ్ళు మెనూకి ఇంకో తొమ్మిది తగిలించారు!

ఏ థీమ్ కొన్నా రిఫండ్ గడువులోనే లాగిన్ అయి హోమ్ పేజీ తెరిచి చూడండి, ఫోన్‌లో కూడా స్క్రోల్ చేయండి. వీలైతే డబ్బు కట్టకముందే లాగిన్ అయిన స్క్రీన్‌షాట్ అడగండి.