నాలుగు గిన్నెల స్టీలు క్యారియర్: ఏళ్ల తరబడి వాడాక నా మాట

పిల్లలు చిన్నప్పుడు మా ఇంట్లో ఎక్కడికి బయల్దేరినా ఒక్క డబ్బా చాలేది. నిండా చింతపండన్నం కలిపి, మీద అప్పడాలు పెట్టి మూత బిగిస్తే అందరికీ అదే భోజనం. ఎవరి ఇష్టం ఏమిటని అడిగే పనే లేదు. ఇప్పుడు వాళ్లు పెద్దవాళ్లయిపోయారు. కొడుకూ కోడలూ బెంగళూరులో, కూతురు చెన్నైలో. ముగ్గురూ తిరుపతికి వచ్చారంటే ఒకరు తినేది ఇంకొకరు తినరు. కొడుకు పగటిపూట వరి అన్నం మానేసి రాగి సంకటి పట్టుకున్నాడు. కూతురికి పెరుగన్నం లేకపోతే భోజనం చేసినట్టే ఉండదు. కోడలికి కూర వేరుగా, పొడిగా ఉండాలి. వాళ్ల నాయనకు ఇప్పటికీ చింతపండన్నమే. అందుకే నాలుగు గిన్నెల క్యారియర్ కొన్నాను. ఏళ్లుగా వాడుతున్నాను కాబట్టి దాని మంచీ చెడూ చెప్పగలను.

గాంధీ రోడ్డులో స్టీలు సామాన్ల అంగట్లో కొన్నాం. కంపెనీ పేరు రాయడం లేదు, ఎందుకంటే ఈ రకం చాలామంది చేస్తారు, నేను చెప్పబోయేది అన్నిటికీ వర్తిస్తుంది. ఒకదాని మీద ఒకటి కూర్చునే నాలుగు గిన్నెలు, పైదానికి మాత్రమే మూత, రెండు పక్కలా పట్టీలు, పైన పిడి, బిగించడానికి గొళ్లెం. కింది గిన్నెకు పై గిన్నె అడుగే మూత. మంచైనా చెడైనా అంతా అక్కడే ఉంది.

ముందు స్టీలు సంగతి. అంగట్లో అయస్కాంతం తెచ్చి చూపిస్తారు, అంటుకోలేదు కాబట్టి మంచి సరుకంటారు. ఆ ఒక్క పరీక్షతో తేల్చుకోవద్దు. 304 రకంలో దాదాపు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. 202 రకంలో నికెల్ తక్కువ, మాంగనీస్ ఎక్కువ. చౌకగా వచ్చే 202 కూడా మామూలుగా అయస్కాంతానికి అంటుకోదు. అందుకని గిన్నె అడుగున 304 అనో 18/8 అనో ముద్ర ఉందా చూసి, బిల్లు మీద కూడా రాయించుకోండి. చింతపండు, నిమ్మకాయ, పెరుగు అన్నీ పులుపులే. మన తిండికి మంచి స్టీలు అవసరం. మా గిన్నెలు లోపల ఈరోజుకీ మచ్చ లేకుండా ఉన్నాయి. ఒక్క జాగ్రత్త మాత్రం తప్పదు: ఉప్పు తగిలిన గిన్నెను రాత్రంతా కడక్కుండా వదిలేస్తే ఎంత మంచి స్టీలుకైనా సన్నటి గుంటలు పడతాయి. ఊరుకు వచ్చేసరికి ఎంత అలసటగా ఉన్నా నీళ్లు పోసి తొలిచే పడుకుంటాను.

ఇక సర్దే వరుస. దీని గురించి ఎక్కువ చెప్తాను, ఎందుకంటే క్యారియర్ బాగుందా లేదా అనేది సగం సర్దడంలోనే తేలిపోతుంది. అడుగు గిన్నెలో సంకటి ముద్దలు. సంకటి వేడిని పట్టుకుని ఉంటుంది, బరువు కూడా కిందే ఉండాలి. ముద్దల మధ్య నెయ్యి రాసిన అరటాకు ముక్క పెడితే ఒకదానికొకటి అతుక్కోవు. దాని మీద గిన్నెలో చింతపండన్నం. మూడోదాంట్లో వేపుడు. అన్నిటికన్నా పైన పెరుగన్నం. పెరుగన్నాన్ని సంకటి పక్కన పెట్టారంటే మధ్యాహ్నానికి పులిసి చేదెక్కుతుంది. వేడికి ఎంత దూరంగా ఉంటే అంత మేలు. పెరుగన్నం కలిపేటప్పుడు అన్నం మెత్తగా మెదిపి, కాచి చల్లార్చిన పాలే ఎక్కువ పోసి, ఒక గరిటె పెరుగు మాత్రం తోడుగా వేస్తాను. దారిలోనే తోడుకుని, తినే వేళకు కమ్మగా ఉంటుంది. మే నెలలో అయితే గరిటె కాదు, ఒక చెంచా చాలు. అల్లం, పచ్చిమిర్చి, ఆవాల తాలింపు చల్లారాకే వేయాలి.

చింతపండన్నానికి అన్నం పళ్లెంలో ఆరబోసి, నువ్వుల నూనె పట్టించి, ఆ తర్వాతే పులుసు కలపాలి. వేయించిన మెంతుల పొడి, నువ్వుల పొడి చివర్లో. ముందురోజు రాత్రే పులుసు కాచి పెట్టుకుంటే తెల్లవారుజామున పని తేలిక. సంకటికి చెనక్కాయల ఊరిబిండి వేరే చిన్న డబ్బాలో తీసుకుంటాను, క్యారియర్‌లో దానికి చోటుండదు. నాలుగు గిన్నెల రకంలో నాకు కనిపించిన లోటు ఇదొకటి. పచ్చడికీ పొడికీ ఒక చిన్న అర ఇచ్చి ఉంటే ఎంత బాగుండేది!

వేడి వేడిగా గిన్నెలు బిగించి గొళ్లెం వేసేస్తే లోపలి ఆవిరి చల్లారేటప్పుడు మూతను లోపలికి లాగేస్తుంది. ఇక ఎంత బలమున్నా రాదు. అందరూ ఆకలితో కూర్చుని ఉండగా మూత రాకపోతే ఎట్లుంటుందో చెప్పక్కర్లేదు. గిన్నె అంచు చుట్టూ కొంచెం గోరువెచ్చటి నీళ్లు పోస్తే సడలుతుంది. అసలు ఆవిరి పోయేదాకా అయిదు నిమిషాలు మూతలు తెరిచి ఉంచితే ఈ బాధే ఉండదు.

క్యారియర్ విలువ నాకు బాగా తెలిసింది తలకోనలో. తిరుపతి నుంచి భాకరాపేట, నెరబైలు మీదుగా అడవిలోకి పోయే దారి అది. 270 అడుగుల ఎత్తు నుంచి పడే నీళ్లు, ఆంధ్రప్రదేశ్‌లో అంతకన్నా ఎత్తయిన జలపాతం లేదు. శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానం పరిధిలోకి వస్తుంది. బయల్దేరేటప్పుడు కొడుకు, "మా, ఇంత బరువు ఎందుకు? ఫోన్లో చెప్తే తెచ్చిస్తారు కదా" అన్నాడు. "తలకోన అడవిలోకి ఎవరు తెస్తారు నాయనా?" అన్నాను. అక్కడికి పోయాక ఫోన్లో సిగ్నలే లేదు. సిద్ధేశ్వరస్వామి గుడి దగ్గర దిగినప్పటి నుంచి కోతులు వెంటపడ్డాయి. ప్లాస్టిక్ కవర్లు పట్టుకున్న వాళ్ల చేతుల్లోంచి లాక్కుపోతున్నాయి. మా క్యారియర్ పట్టుకుని ఒక పెద్ద కోతి తిప్పి తిప్పి చూసింది. గొళ్లెం దానికి అర్థం కాలేదు, వదిలేసి పోయింది. నీళ్లలో ఆడి వచ్చిన పిల్లలకు సంకటి ముద్ద ఇంకా గోరువెచ్చగా ఉంది. కోడలు తన గిన్నెలోని బీరకాయ వేపుడు అందరికీ పంచేసింది, వాళ్లాయన సంకటి రెండు ముద్దలు తను తిన్నది. ఎవరికి వాళ్లకు వేరుగా సర్దానని అనుకున్నాను గానీ కింద కూర్చున్నాక అన్నీ అందరి కంచాల్లోకీ పోయాయి.

గుడిమల్లంలోనూ అంతే. ఏర్పేడు వైపు పల్లె. క్రీస్తు పూర్వం నాటిదని చెప్పే శివలింగం, దాదాపు అయిదడుగులు, ముందు భాగంలో నిలబడిన శివుడి రూపం చెక్కారు. గర్భగుడి వెనకవైపు ఏనుగు వీపు మాదిరి గుండ్రంగా ఉంటుంది. మా అమ్మాయి శిల్పాలంటే ప్రాణం పెడుతుంది, గంటసేపు కదల్లేదు. ఊళ్లో భోజనం దొరుకుతుందా అని వాళ్ల నాయన కంగారు పడుతూ ఉంటే చెట్టు నీడన క్యారియర్ విప్పాను. అమ్మాయికి తొందరపడాల్సిన పని లేకుండా పోయింది. పెద్దయిన పిల్లలతో తిరగడంలో నాకు నచ్చేది ఇదే. చిన్నప్పుడు వాళ్లను లాక్కుని తిరిగేవాళ్లం, ఇప్పుడు వాళ్లు చూడాలనుకున్నది చూసేదాకా మనం కాచుకుంటాం. ఆ కాచుకునే సమయానికి తిండి చేతిలో ఉండాలి.

చంద్రగిరి కోటకు పోయిన రోజు కూడా గుర్తుంది. మ్యూజియానికి శుక్రవారం సెలవు, ఇంకో రోజు చూసుకుని పోండి. రాజమహల్ చూసి కిందికి దిగి తింటూ ఉంటే వాళ్ల నాయన అమ్మాయికి చెప్పారు: 1639లో ఇంగ్లీషు కంపెనీకి సముద్రపు ఒడ్డున స్థలం ఇచ్చిన దామెర్ల వెంకటాద్రి నాయకుడు చంద్రగిరి రాయలకు సామంతుడని, ఆ స్థలంలోనే మద్రాసు కోట లేచిందని. "అయితే నా ఆఫీసు ఉన్న ఊరికి మూలం ఇక్కడేనా?" అని అది చింతపండన్నం చేత్తో పట్టుకుని కోట వైపు తిరిగి చూసింది.

తిరుమలకు మాత్రం క్యారియర్ తీసుకుపోవద్దని గట్టిగా చెప్తాను. అలిపిరిలో దిగి సామానంతా స్కానింగులో పెట్టాలి, పైన దాన్ని లాకరులో పెట్టాలి, క్యూలో మోయలేం. పైగా తరిగొండ వెంగమాంబ అన్నప్రసాద భవనంలో పెట్టే భోజనం ఉండగా ఇంటి తిండి ఎందుకు? 1985లో మొదలైన నిత్యాన్నదానం అది. తరిగొండ మా జిల్లా ఊరే. 2022లో జిల్లాను విడగొట్టినా మేమింకా అన్నీ మా చిత్తూరు జిల్లా అనే అంటాం. పిల్లలు ఏ ఊళ్లో ఉద్యోగం చేసినా ఆ అన్నప్రసాదం వరుసలో కూర్చున్నప్పుడు చిన్నప్పటి మాదిరే తింటారు.

కాణిపాకం పోయేటప్పుడు తీసుకెళ్తాం, ఎందుకంటే ఆ తర్వాత చిత్తూరులో మా పుట్టింటికి పోతాం. మా అమ్మకు నా చేతి పెరుగన్నం కావాలి. తిరిగి వచ్చేటప్పుడు అదే క్యారియర్‌లో ఆమె బేనీషా ముక్కలు, తోతాపురి ఆవకాయ ముక్కలు నింపి పంపిస్తుంది. మామిడికాయల కాలంలో గిన్నెలు ఖాళీగా తిరిగి రావడం నేనెప్పుడూ చూడలేదు.

ఇబ్బందులు కూడా చెప్పాలి. ఖాళీగా ఉన్నప్పుడే కిలో పైన బరువు. నిండాక మోకాళ్ల నొప్పి ఉన్న నాలాంటి వాళ్లు మెట్లెక్కలేరు, పిల్లలెవరైనా పట్టుకోవాల్సిందే. చారు, పప్పుచారు లాంటివి అందులో పోయొద్దు. గిన్నె అంచులు ఎంత బిగువుగా ఉన్నా కారు మలుపులు తిరిగేటప్పుడు కారుతుంది. చారుకు వేరే మూత డబ్బా ఉండాలి. కొన్నిటికి మధ్యలో రబ్బరు రింగులు ఇస్తున్నారు. కారడం తగ్గుతుంది, నిజమే. కానీ చింతపండు వాసన ఆ రింగుకు పట్టి పోదు, కొన్నాళ్లకు మార్చాలి. మార్చడానికి విడిగా అమ్ముతారో లేదో ముందే అడిగి కొనండి.

రెండో ఇబ్బంది గొళ్లెం. రెండేళ్లు దాటాక మాది వదులైంది. పిడి పట్టి ఎత్తితే పక్క పట్టీ ఊడి, కారు డిక్కీలోనే గిన్నెలు విడిపోయాయి. అదృష్టం, ఇల్లు దాటకముందే జరిగింది. అంగట్లో అడిగితే గొళ్లెం ఒక్కటే దొరకదు, కొత్తది తీసుకోమన్నారు. మా వీధి చివరి వెల్డింగ్ అబ్బాయి పాత గొళ్లెం తీసేసి, మందమైన స్టీలు ముక్కతో కొత్తది చేసిచ్చాడు. అప్పటి నుంచి బ్రహ్మాండంగా ఉంది. కొనేటప్పుడు గిన్నెల మెరుపు చూడకండి, గొళ్లెం రేకు మందం చూడండి. నీళ్లు నింపి, అంగట్లోనే ఎత్తి చూడండి.

వేడి నిలిపే రకం కొనమని కూతురు మొదటి నుంచీ అంటోంది. మా చెల్లెలి ఇంట్లో ఒకటి ఉంటే తెచ్చి వాడి చూశాను. మంచి రకమైతే అన్నం 60 డిగ్రీలకు పైన నిలిపి ఉంచుతుంది, దానికి భయం లేదు. కానీ నాసిరకం వేడిగా ఉంచదు, చల్లారనివ్వదు, గంటలకొద్దీ గోరువెచ్చగా ఉంచుతుంది. తిండి పాడయ్యేది ఆ గోరువెచ్చదనంలోనే. అందులో పెరుగన్నం పెట్టడమైతే అసలు కుదరదు. వేపుడు కూడా ఆవిరి పట్టి మెత్తబడిపోయింది. ఉదయం సర్ది మధ్యాహ్నం ఒంటిగంటలోపు తినేసేవాళ్లకు మామూలు స్టీలుదే మేలు. అంతకన్నా ఆలస్యమయ్యేదైతే అన్నం, కూర తీసుకుపోవద్దు. బొరుగులు, చెనక్కాయలు, పండ్లు పట్టుకెళ్లండి.

సప్తగిరి ఎక్స్‌ప్రెస్‌లో చెన్నైకి పోయేటప్పుడు అమ్మాయి కోసం దీన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చుంటాను. పుత్తూరు దాటేసరికి పెరుగన్నం తోడుకుంటుంది. ఒక మనిషికి ఇది మరీ ఎక్కువ. ఈ మధ్య అమ్మాయి రెండు గిన్నెలది తనకూ ఒకటి చూడమని అడిగింది, ఆఫీసుకు తీసుకెళ్లడానికి. వెడల్పు గిన్నెలు, మందమైన గొళ్లెం, అడుగున 304 ముద్ర, రబ్బరు లేనిది. ఈ నాలుగూ ఉన్నది దొరికితేనే కొంటాను, లేకపోతే మళ్లీ వెల్డింగ్ అబ్బాయి దగ్గరికే పోతాను.