తిరుపతిలో క్యాన్సర్ కౌన్సెలింగ్: ఆశను, వాస్తవాన్ని విడదీసి చెప్పిన సేవ

మా పెద్దమ్మ కోసం తిరుపతిలో మేము వెళ్లిన క్యాన్సర్ కౌన్సెలింగ్ సేవ నాకు ఎంతో నచ్చింది. జన్యుచికిత్స గురించి అడిగితే, డాక్టరుగారు కాగితం మీద లిపిడ్ నానో రేణువును (మందును మోసుకెళ్లే, కొవ్వు పదార్థాలతో చేసిన అతి చిన్న రేణువును) గీసి, రక్తంలో ఇట్టే ముక్కలైపోయే ఎంఆర్ఎన్ఏను (ప్రోటీన్ల తయారీకి కణానికి సూచనలిచ్చే అణువును) అది కాపాడుతుందని, జీవకణంలోకి చేరాక అక్కడి ఆమ్లత్వానికి దాని లిపిడ్లలో ఒకదానికి ధనావేశం వచ్చి లోపలి ఎంఆర్ఎన్ఏ బయటపడేందుకు వీలవుతుందని ఓపికగా వివరించారు. సిరలోకి ఎక్కించిన రేణువుల్లో ఎక్కువ భాగం కాలేయానికే చేరుతుంది కాబట్టి ఇతర అవయవాల్లోని కణితులను అందుకోవడం కష్టమని కూడా దాచకుండా చెప్పారు. 2018లో అమెరికాలో అనుమతి పొందిన పాటిసిరాన్ అనే మందును లిపిడ్ నానో రేణువులతోనే ఇచ్చినా, అది క్యాన్సర్‌కు కాదని, అరుదైన వంశపారంపర్య నరాల జబ్బుకని స్పష్టం చేయడం మరీ మెచ్చదగినది. గది మాత్రం ఇరుకు. తెలుగులో ఒక కరపత్రం కూడా ఇస్తే ఇంటికి వెళ్లి నిదానంగా చదువుకోవచ్చు.