వీల్‌చైర్ కొనేవాళ్లు జాగ్రత్త, సీటు కొలత బిల్లు మీద రాయించుకోండి

రాజమండ్రిలో ఆ సర్జికల్ షాపు ఏదో మన కోనసీమలో వీల్‌చైర్ వాడేవాళ్లందరికీ తెలుసు, పేరు రాయను. ఇందాకే అక్కడి నుంచి వచ్చాను. ఇంకా ఒళ్లు మండుతూనే ఉంది.

నా సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. తొమ్మిదేళ్ల కిందట దింపు తీస్తూ కొబ్బరి చెట్టు మీంచి పడ్డాను, కాళ్లు పోయాయి. అంబాజీపేటలో ఒక కొబ్బరి కొట్టులో లెక్కలు రాస్తాను. ఇంటి నుంచి కొట్టుకి చక్రాలు నేనే తోసుకుంటూ వెళ్తాను. రెండు నెలల కిందట 14,500 పెట్టి కొత్త కుర్చీ కొన్నాను.

సీటు 16 అంగుళాలు కావాలని మూడుసార్లు చెప్పాను. వచ్చింది 18. ఫోన్ చేస్తే "పక్కన దిండు పెట్టుకోండి, సరిపోద్ది" అన్నారు. ఆ మాట విని ఊరుకోవడం నా తప్పే. ఆ రోజే వెనక్కి పంపాల్సింది.

రెండంగుళాలే కదా అనుకోకండి. సీటు వెడల్పయ్యే కొద్దీ చక్రాలు ఒంటికి దూరమవుతాయి. చేతులు పక్కలకి చాపి తోయాలి, తోసిన ప్రతిసారీ మణికట్టు వంకర తిరుగుతుంది. పైగా దీనికి ఇరుసు బాగా వెనక్కుంది, భుజం లాగి మరీ పట్టుకోవాలి. నెలన్నరకి బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కాయి. రాత్రి రెండింటికి లేచి చెయ్యి విదిలించుకుంటూ కూర్చునేవాణ్ణి. పోయిన వారం లెక్కలు రాస్తుంటే పెన్ను జారిపోయింది. ఫిజియోథెరపీ మేడమ్ గారు చూసి, మణికట్టులో నరం నొక్కుకుంటోంది, కార్పల్ టన్నెల్ అన్నారు. కాళ్లు పోయినా చేతులున్నాయి కదా అనే ధైర్యంతోనే ఇన్నేళ్లు బతికాను.

ఇవాళ కారు మాట్లాడుకుని మా బావమరిదితో షాపుకి వెళ్లాను. నేను చెప్తుంటే ఓనరు నా మొహం కూడా చూడలేదు. మా బావమరిది వైపు తిరిగి, "ఈయన్ని తోసేది మీరే కదండీ, కూర్చునే మనిషికి చేతుల నెప్పులేంటి?" అన్నాడు. "ఆయనతోనే మాట్లాడండి" అని మావాడన్నా వినలేదు. మూడడుగుల దూరంలో ఉన్నాను నేను! డబ్బులు తీసుకున్నప్పుడు మాత్రం నా చేతిలోంచే తీసుకున్నాడు. గోడ మీద "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" బోర్డు చూపించాడు. బిల్లు తీస్తే "వీల్‌చైర్ 1" అని ఉంది, కొలత లేదు. ఇంక నోరు రాలేదు.

బిల్లులో గడువు రాయకపోతే, లోపమున్న సరుకుని 30 రోజుల్లోపు వెనక్కి తీసుకోనని అనడం 2019 వినియోగదారుల చట్టం ప్రకారం తప్పట. నాకు ఆ 30 రోజులూ దాటాక తెలిసింది. అయినా వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇచ్చాను.

మీరు కొంటే టేపు పట్టుకెళ్లండి. సీటు కొలత, ఇరుసు ముందుకి జరపొచ్చో లేదో బిల్లు మీద రాయించుకోండి. రిమ్ము, అంటే చక్రం పక్కన చేత్తో తోసే రింగు, పైభాగంలో చెయ్యి పెట్టినప్పుడు మోచేతి కోణం 100 నుంచి 120 డిగ్రీలు ఉండాలని మేడమ్ చెప్పారు. పొట్టి తోపులొద్దు, పొడుగ్గా తోసి చెయ్యి కిందికి వదిలేయాలి. టైర్లలో గాలి తగ్గనివ్వొద్దు. ఫ్రీగా ఇచ్చే గ్లౌజులు నమ్మకండి, నావి రెక్సిన్, అరచేతిలో కుట్టు ఒరుసుకుని బొబ్బలెక్కాయి.

అమలాపురం చుట్టుపక్కల ఎవరి దగ్గరైనా 16 అంగుళాల పాత కుర్చీ ఉంటే చెప్పండి. ఈ కుర్చీ ఎంత తొందరగా మానేస్తే చేతికి అంత మంచిదన్నారు.