ఓల్మెక్ జేడ్ బొమ్మల కోసం మెక్సికోలో

మెక్సికో ప్రాచీన నాగరికత ఓల్మెక్ అనగానే అందరూ పెద్ద రాతి తలల ఫొటోలే పెడతారు. నాకు మాత్రం వాళ్ల చిన్న జేడ్ (పచ్చటి గట్టి రాయి) బొమ్మలంటే ప్రాణం. వాటికోసమే మెక్సికో సిటీ, హలాపా, వియాఎర్మోసా తిరిగాం. మాలా అమెరికా వీసా చేతిలో ఉన్న భారతీయులకి మెక్సికో వీసా విడిగా అక్కర్లేదు.

మెక్సికో సిటీలోని జాతీయ మానవశాస్త్ర మ్యూజియంలో ముందు గల్ఫ్ తీరం హాలుకే వెళ్లండి, అలసిపోకముందే. 1955లో లా వెంటా అనే ఓల్మెక్ల పాత ఊరిలో బయటపడిన ‘నాలుగో సమర్పణ’, అంటే అర్పణగా పూడ్చిపెట్టిన బొమ్మల గుంపు, అక్కడుంది. జానెడు ఎత్తు బొమ్మలు 16, వెనక నిలబెట్టిన రాతి గొడ్డళ్లు 6. ఒక బొమ్మది గరుకు రాయి. మిగతావి జేడ్, సర్పెంటైన్ అనే మరో పచ్చరాయి. అందరూ ఆ గరుకు మనిషి చుట్టూ చేరి ఏదో తేల్చుకుంటున్నట్టుంటారు. ఇదంతా పూడ్చేసిన కొంతకాలానికి ఎవరో సరిగ్గా ఆ చోటే తవ్వి, తలలు కనబడేదాకా చూసి, మళ్లీ మూసేశారు. చోటు అంత బాగా గుర్తుపెట్టుకున్నారన్నమాట!

జేడ్ మీద మామూలు చాకుతో గీత కూడా పడదు. ముడిరాయి గ్వాటెమాలాలోని మొటాగువా లోయ నుంచి రావాలి. లోహపు పనిముట్లు లేవు. గట్టి ఇసుకపొడి, నీళ్లు వేసి తాడుతో రాపాడిస్తూ కోసేవాళ్లు, బోలు గొట్టాలు తిప్పి రంధ్రాలు పెట్టేవాళ్లు. చాలా ముఖాల్లో పెదవుల మూలలు చూడండి, ఆ గుండ్రటి గుర్తులు కనిపిస్తాయి. నేనక్కడే చాలాసేపు ఉండిపోయాను.

హలాపాకి బస్సులో సుమారు ఐదు గంటలు. సీట్లు బాగున్నాయి, ఏసీ చలికి శాలువా ఉంచుకోండి. ఊరి నడిబొడ్డునే దిగాం. గది చిన్నదే అయినా శుభ్రంగా ఉంది, బీన్స్, టోర్టియాలతో (మొక్కజొన్న రొట్టెలు) శాకాహారం గడిచిపోయింది. అక్కడి మ్యూజియంలో పెద్ద తలలు ఏడున్నాయి. నా ఓటు మాత్రం లాస్ లిమాస్ అనే ఊళ్లో దొరికిన విగ్రహానికి: 55 సెంటీమీటర్ల పచ్చరాతి యువకుడు, ఒళ్లో వాలిపోయిన పులిముఖపు పసివాడు. 1965లో పిల్లలకి దొరికితే ఊరివాళ్లు మరియమాతగా కొలిచారు. 1970లో దొంగిలించారు, చివరికి టెక్సస్‌లోని శాన్ ఆంటోనియోలో దొరికింది. భుజాల మీద, మోకాళ్ల మీద సన్నగా చెక్కిన ముఖాలున్నాయి, పక్క నుంచి వంగి చూడాలి.

వియాఎర్మోసా లా వెంటా పార్కులో చెట్ల మధ్య పెద్ద రాళ్లు బాగుంటాయి. కానీ జేడ్ కోసమైతే అంత దూరం అక్కర్లేదు. ఉక్కపోత, దోమలు, మేం దిగిన హోటల్లో రాత్రంతా ఏసీ పనిచేయలేదు, అడిగినా ఎవరూ రాలేదు. ఆ టైమేదో హలాపాకి ఇవ్వండి. సోమవారం మాత్రం పెట్టుకోకండి, ఆ రోజు మ్యూజియాలు మూసేస్తారు.