హార్మోన్ చికిత్సపై తొందరపెట్టని సలహా: సూర్యారావుపేటలో ఒక స్త్రీవైద్యశాల

నెలసరి ఆగిపోయాక ఒళ్ళంతా ఆవిర్లు కమ్మి, అర్ధరాత్రి జాకెట్టు చెమటతో తడిసి లేచి కూర్చునే ఆడవారికి మన దగ్గర దొరికే సమాధానం "వయసు కదా, సర్దుకోవాలి" అన్నదే. విజయవాడ సూర్యారావుపేటలోని ఒక చిన్న స్త్రీవైద్యశాలలో నాకు ఆ మాట వినిపించలేదు.

మా ఇంట్లో ఎవరికైనా రొమ్ము క్యాన్సర్ వచ్చిందా, నాకెప్పుడైనా కాళ్ళలో రక్తం గడ్డకట్టిందా, పక్షవాతం గానీ కాలేయ జబ్బు గానీ ఉన్నాయా, నెలసరి ఆగాక మళ్ళీ రక్తం కనిపించిందా అని డాక్టరు గారు ఒక్కొక్కటే అడిగి, బీపీ చూసి, నేను మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే) చేయించుకుని వచ్చిన తర్వాతే చికిత్స మాట ఎత్తారు.

హార్మోన్లు వాడితే క్యాన్సర్ వస్తుందన్న నా భయానికి ఆవిడ మందుల చీటీ వెనక అంకెలు వేసి చూపించారు. 2002లో అమెరికాలో వెలువడిన పెద్ద పరిశోధనలో, మందులేని మాత్ర వేసుకున్నవారిలో ఏడాదికి ప్రతి 10,000 మందిలో 30 మందికి రొమ్ము క్యాన్సర్ వస్తే, ఈస్ట్రోజెన్ అనే స్త్రీ హార్మోను, ప్రొజెస్టిన్ (ప్రొజెస్టిరాన్ అనే మరో స్త్రీ హార్మోనులా పనిచేసే మందు) కలిపి వాడినవారిలో 38 మందికి వచ్చింది. పక్షవాతం 21 నుంచి 29కి పెరిగింది, తుంటి ఎముక విరగడం 15 నుంచి 10కి తగ్గింది. అయితే అందులో పాల్గొన్నవారి సగటు వయసు 63 ఏళ్ళు. 60 లోపు, నెలసరి ఆగి పదేళ్ళు దాటకముందు మొదలుపెట్టే ఆరోగ్యవంతులకు సాధారణంగా ముప్పు కంటే మేలే ఎక్కువని, ఆవిర్లకు ఇంతకంటే బాగా పనిచేసే మందు లేదని చెప్పారు. అలాగని ముప్పును తేలిక చేయలేదు. ఏళ్ళ తరబడి రెండూ కలిపి వాడేకొద్దీ రొమ్ము క్యాన్సర్ ముప్పు పెరుగుతుంది, మాత్రలతో రక్తం గడ్డకట్టే ప్రమాదం చర్మానికి రాసుకునే ఈస్ట్రోజెన్ జెల్‌తో కంటే ఎక్కువ. గర్భసంచి ఉన్నవారు ఈస్ట్రోజెన్ ఒక్కటే వాడితే దాని లోపలి పొరకు క్యాన్సర్ రావచ్చు కనుక ప్రొజెస్టిరాన్ తప్పనిసరి. చిన్న వయసులోనే గర్భసంచి తీయించుకున్నవారు మన జిల్లాల్లో ఎందరో ఉన్నారు గనుక గర్భసంచి ఉన్నవారికీ లేనివారికీ మధ్య ఈ తేడా ప్రతి ఇంట్లోనూ తెలియాలి.

"ఇంటికెళ్ళి ఆలోచించుకుని రండమ్మా" అని ఆ రోజు మందు రాయకుండానే పంపారు. తర్వాత జెల్, ప్రొజెస్టిరాన్ మొదలుపెట్టాను. రాత్రిళ్ళు నిద్ర పడుతోంది. మూడు నెలలకోసారి రమ్మన్నారు.

లోపాలూ ఉన్నాయి. కౌంటరు దగ్గర అందరి ముందే సమస్య ఏమిటని గట్టిగా అడగడం చాలా ఇబ్బందికరం, వెంటనే మారాలి. జెల్ కోసం రెండు మూడు మందుల షాపులు తిరగాల్సి వచ్చింది. వెళ్ళదలచినవారు పాత రిపోర్టులు, గర్భసంచి ఆపరేషన్ జరిగి ఉంటే ఆ కాగితాలు కూడా తప్పక వెంట తీసుకువెళ్ళండి.